పాయింట్లు వేసినవాడే మేటి ఆటగాడా?

పాఠశాలల బాస్కెట్‌బాల్ పోటీల్లో చివరి రోజు ఉత్తమ ఆటగాడి బహుమతి సాధారణంగా ఎక్కువ పాయింట్లు వేసిన కుర్రాడికే వెళ్తుంది. అందులో పక్షపాతం వెతకనక్కర్లేదు. బల్ల దగ్గర కూర్చున్న స్కోరర్ ముందున్న కాగితాన్ని ఒకసారి పరిశీలిస్తే కారణం తెలిసిపోతుంది. అంతర్జాతీయ సమాఖ్య నమూనాలో ఉండే ఆ స్కోర్‌షీట్‌లో ఒకటి నుంచి వరసగా అంకెలు ముద్రించి ఉంటాయి. బుట్ట పడినప్పుడల్లా జట్టు మొత్తం ఎంతకు చేరిందో ఆ అంకె మీద గీత పడుతుంది. పక్క గడిలో వేసిన ఆటగాడి నంబరు రాస్తారు, మూడు పాయింట్లదైతే ఆ నంబరుకు సున్నా చుడతారు. ఫౌళ్లకు గడులున్నాయి, టైమౌట్లకు గడులున్నాయి, ఆటగాడు కోర్టులోకి దిగాడని చెప్పే గుర్తుకూ చోటుంది. గురి తప్పిన బంతికి మాత్రం ఆ కాగితం మీద ఎక్కడా చోటు లేదు. తప్పి వెనక్కి వచ్చిన బంతిని, అంటే రీబౌండ్‌ను, పట్టినవాడికీ లేదు, చేతిలో ఉన్న బంతిని ఎదుటి జట్టుకు పోగొట్టినవాడికీ లేదు. ఎవరు ఎన్ని నిమిషాలు ఆడారన్నదీ అందులో తేలదు. ఇరవై రెండుసార్లు బంతి విసిరి ఎనిమిది బుట్టలు వేసిన పిల్లవాడి ఎనిమిదీ రికార్డుకెక్కుతాయి, పద్నాలుగు వైఫల్యాలు గాలిలో కలిసిపోతాయి. వేలూరు, గుడియాత్తం, ఒడుగత్తూరు వైపు పాఠశాలలో ఆడినా, చిత్తూరులో ఆడినా, హైదరాబాదులో ఆడినా ఆ కాగితం తీరు ఒక్కటే. కొత్తగా వచ్చిన ఆటగాడి విలువ కట్టడంలో మనం పొరబడే చోటు ఇదే. దీన్ని సరిదిద్దే సాధనాన్ని బాస్కెట్‌బాల్ ప్రపంచం ఎప్పుడో తయారు చేసుకుంది. దాని పేరు సమర్థతా రేటింగ్. దానికీ లోపాలున్నాయి. అయినా కొత్తవాళ్లను అంచనా వేయడానికి మనం దాన్ని వాడుకోవాలని, ఎలా చదవాలో తెలుసుకుని మరీ వాడుకోవాలని ఈ వ్యాసం వాదన.

బాస్కెట్‌బాల్ పుట్టింది 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఉన్న వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో. జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికి వీలుగా దాన్ని తయారు చేశాడు. మన దేశానికీ ఆ ఆటను తెచ్చింది వైఎంసీఏ వాళ్లే. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో స్థాపించిన వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల నుంచి బయటికి వచ్చిన డ్రిల్ మాస్టార్లు దక్షిణాదిలో ఊరూరికీ ఆటలు తీసుకెళ్లారు. అప్పటి లెక్కలన్నీ పాయింట్ల లెక్కలే. అమెరికాలో కూడా చాలాకాలం లెక్కలు అసంపూర్తిగానే ఉండేవి. అక్కడి వృత్తి లీగ్ అయిన ఎన్‌బీఏలో స్టీళ్లు (ఎదుటి జట్టు నుంచి లాక్కున్న బంతులు), బ్లాకులు (అడ్డుకున్న షాట్లు) అధికారికంగా లెక్కపెట్టడం మొదలైంది 1973-74 సీజన్‌లో. టర్నోవర్లు, అంటే బంతి పోగొట్టుకున్న సందర్భాలు, వ్యక్తుల పేరు మీద నమోదు కావడం 1977-78 నుంచి. విల్ట్ ఛాంబర్లిన్ తొలి ఏడాదైన 1959-60లో మ్యాచ్‌కు సగటున 37.6 పాయింట్లు, 27 రీబౌండ్లు సాధించి ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతినీ, లీగ్ మొత్తానికీ అత్యంత విలువైన ఆటగాడి బహుమతినీ ఒకే ఏడాది గెలిచాడు. అంతటివాడు ఎన్ని బంతులు అడ్డుకున్నాడో, ఎన్ని పోగొట్టాడో ఇవాళ ఎవరూ అధికారికంగా చెప్పలేరు. రాయనిది మిగలదు.

రాసిపెట్టుకున్న లెక్కలన్నీ కలిపి ఒక్క అంకెగా మార్చే పద్ధతుల్లో అన్నిటికన్నా తేలికైనది, ఎన్‌బీఏ కూడా చాలాకాలం ప్రకటించినది, ఒకటుంది. పాయింట్లు, రీబౌండ్లు, అసిస్టులు (బుట్ట పడేలా అందించిన పాస్‌లు), స్టీళ్లు, బ్లాకులు కూడాలి. అందులోంచి గురి తప్పిన షాట్లు, గురి తప్పిన ఫ్రీ త్రోలు, టర్నోవర్లు తీసేయాలి. దుకాణంలో గల్లాపెట్టెలో పడ్డ డబ్బు వేరు, సరుకు ఖరీదూ అద్దే పోగా మిగిలేది వేరు కదా, ఇదీ అలాంటిదే. ఒక ఊహా మ్యాచ్ తీసుకుందాం. మొదటి కుర్రాడు 32 నిమిషాలు ఆడాడు. 22 షాట్లలో 8 పడ్డాయి, 6 ఫ్రీ త్రోలలో 4 పడ్డాయి, మొత్తం 20 పాయింట్లు. 5 రీబౌండ్లు, 3 అసిస్టులు, 1 స్టీల్. కూడితే 29. తప్పిన షాట్లు 14, తప్పిన ఫ్రీ త్రోలు 2, టర్నోవర్లు 5, కలిపి 21. మిగిలింది 8. రెండో కుర్రాడు 16 నిమిషాలే ఆడాడు. 5 షాట్లలో 4, 2 ఫ్రీ త్రోలలో 1, మొత్తం 9 పాయింట్లు. 6 రీబౌండ్లు, ఒక్కో అసిస్టు, స్టీల్, బ్లాక్. కూడితే 18. ఒక షాట్, ఒక ఫ్రీ త్రో తప్పాయి, ఒక టర్నోవర్. మిగిలింది 15. మొదటివాడికి దాదాపు రెట్టింపు. పైగా సగం సమయంలోనే సాధించాడు. బహుమతి మాత్రం 20 పాయింట్లు వేసినవాడి ఇంటికి వెళ్తుంది. రెండోవాడి పేరు ఎంపిక కమిటీ దాకా చేరకపోవచ్చు కూడా.

ఈ తేలిక లెక్కను జాన్ హోలింజర్ అనే విశ్లేషకుడు ఇంకాస్త పదును పెట్టి పీఈఆర్ (ప్లేయర్ ఎఫిషియెన్సీ రేటింగ్) తయారు చేశాడు. ఆయనే తర్వాత 2012 చివర్లో మెంఫిస్ గ్రిజ్లీస్ జట్టు యాజమాన్యంలో పెద్ద పదవిలోకి వెళ్లాడు. అంటే ఈ లెక్కలకు పత్రికల పేజీల నుంచి జట్టు కార్యాలయం దాకా గౌరవం దొరికిందన్నమాట. పీఈఆర్‌లో రెండు మెలికలు ముఖ్యం. మొదటిది, లెక్కంతా ఆడిన నిమిషాల మీద నడుస్తుంది, కాబట్టి ఎక్కువసేపు కోర్టులో ఉన్నంత మాత్రాన అంకె పెరగదు. రెండోది, జట్టు ఆడే వేగాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. పరుగులు తీస్తూ ఆడే జట్టుకు బంతి ఎక్కువసార్లు చేతికి వస్తుంది, ఆచితూచి ఆడే జట్టుకు తక్కువసార్లు వస్తుంది. మొదటి జట్టు ఆటగాడి పాయింట్లు ఆ కారణం చేతనే ఉబ్బి కనిపిస్తాయి. ఆ ఉబ్బును పీఈఆర్ తీసేస్తుంది. ఆ తర్వాత ఏ సీజన్‌లోనైనా లీగ్ సగటు సరిగ్గా 15 వచ్చేలా సర్దుతుంది. 15 అంటే సగటు ఆటగాడు, 20 దాటితే చాలా మంచివాడు, 25 దాటితే ఆ ఏడాది అగ్రశ్రేణి. లెబ్రాన్ జేమ్స్ తొలి ఏడాది 18.3. 2023-24లో విక్టర్ వెంబన్యామా తొలి ఏడాది 23.1, అదీ ఆడిన 82 మ్యాచ్‌లలో 22 మాత్రమే గెలిచిన జట్టులో.

ఈ అంకె అవసరం ఎంతో తెలియాలంటే 2013-14 నాటి ఫిలడెల్ఫియా జట్టు సంగతి చూడాలి. ఆ ఏడాది ఉత్తమ రూకీ, అంటే కొత్త ఆటగాడు, మైకేల్ కార్టర్-విలియమ్స్. మొట్టమొదటి మ్యాచ్‌లోనే, అప్పటి చాంపియన్ మయామీ మీద, 22 పాయింట్లు, 12 అసిస్టులు, 9 స్టీళ్లు. ఏడాది సగటు 16.7 పాయింట్లు, 6.2 రీబౌండ్లు, 6.3 అసిస్టులు. తొలి ఏడాదే మూడు విభాగాల్లో ఆ స్థాయి అందుకున్నవాళ్లలో ఆస్కార్ రాబర్ట్‌సన్, మ్యాజిక్ జాన్సన్ వంటి మహామహులున్నారు కాబట్టి పత్రికలు ఆ వరసలోనే కుర్రాడి పేరు రాశాయి. లోపలికి వెళ్తే చిత్రం వేరేగా ఉంది. అతని షాట్లలో పడినవి 40.5 శాతం. మూడు పాయింట్ల షాట్లలో 26.4 శాతం. మ్యాచ్‌కు 3.5 సార్లు బంతి పోగొట్టేవాడు. ఆ ఏడాది లీగ్‌లో అందరికన్నా వేగంగా ఆడిన జట్టు అదే, పైగా అతను మ్యాచ్‌కు 34 నిమిషాల పైన కోర్టులో ఉన్నాడు. ఇవన్నీ లెక్కవేశాక అతని పీఈఆర్ 15కి కాస్త పైన మాత్రమే తేలింది. అంటే మామూలు ఆటగాడు. మామూలుగా ఆడటం కొత్త కుర్రాడికి చిన్నతనం ఏమీ కాదు. రాబర్ట్‌సన్ పక్కన నిలబెట్టడమే అన్యాయం, అది అతని మీద మోపిన బరువు కూడా. మరుసటి ఏడాది ఫిబ్రవరిలోనే ఫిలడెల్ఫియా అతన్ని వదులుకుంది. ఆ తొలి ఏడాది సగటును అతను తర్వాత ఎన్నడూ అందుకోలేదు.

దానికి ఎదురుగా మరో కుర్రాడిని పెట్టి చూద్దాం. సెర్బియాకు చెందిన నికొలా యోకిచ్‌ను, జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2014లో 41వ పేరుగా డెన్వర్ ఎంచుకుంది. 2015-16లో అతని తొలి సీజన్ సగటు 10 పాయింట్లు, 7 రీబౌండ్లు. పేపరు చదివేవాళ్లెవరూ రెండోసారి చూడని అంకెలు. అయితే అవి మ్యాచ్‌కు 21.7 నిమిషాల్లో వచ్చినవి. పీఈఆర్ 21.5. ఆ ఏడాది ఏకగ్రీవంగా ఉత్తమ రూకీ అయిన కార్ల్-ఆంథొనీ టౌన్స్‌ది 22.5. మొట్టమొదట ఎంపికైన టౌన్స్‌కూ, 41వ వాడికీ నిమిషానికి జరిగిన పనిలో తేడా అంత స్వల్పం. అయినా మరుసటి సీజన్ మొదట్లో యోకిచ్ బెంచీ మీద నుంచి దిగాల్సి వచ్చింది. 2016 డిసెంబరు మధ్యలో అతన్ని మళ్లీ మొదటి ఐదుగురిలోకి తెచ్చి ఆటంతా అతని చుట్టూ అల్లుకున్నాక డెన్వర్ రాతే మారిపోయింది. 2021, 2022, 2024లలో అత్యంత విలువైన ఆటగాడు, 2023లో జట్టుకు తొలి చాంపియన్‌షిప్. తొలి ఏడాది అంకె ఇదంతా ముందే చెప్పిందని నేననను. ఈ కుర్రాడికి ఇంకాస్త ఎక్కువ సమయం ఇచ్చి చూడండని మాత్రం గట్టిగా చెప్పింది. కొత్తవాడి విషయంలో రేటింగ్ చేయగలిగిన అతి పెద్ద ఉపకారం అదే.

ఇక్కడ న్యాయమైన ఆక్షేపణ ఒకటుంది. తక్కువ నిమిషాల అంకెను నమ్మవచ్చా? అలసిన ప్రత్యర్థుల మీద, ఫలితం తేలిపోయాక చివరి పది నిమిషాల్లో దిగి నాలుగు బుట్టలు వేసినవాడి రేటింగ్ ఆకాశంలో ఉంటుంది. ఈ ప్రశ్న 2016-17లో ఉత్తమ రూకీని ఎంచే ఓటర్ల ముందుకే వచ్చింది. జోయెల్ ఎంబీడ్ గాయాలతో రెండేళ్లు కూర్చుని ఆ ఏడాది తొలిసారి దిగాడు. 25 నిమిషాల్లో సగటున 20 పాయింట్లు, పీఈఆర్ 24 పైన. ఆడింది మాత్రం 31 మ్యాచ్‌లు. మాల్కమ్ బ్రాగ్డన్ సగటు 10 పాయింట్లే, కానీ 75 మ్యాచ్‌లు ఆడాడు. బహుమతి డ్రాఫ్ట్ రెండో రౌండ్‌లో 36వ వాడుగా వచ్చిన బ్రాగ్డన్‌కు వెళ్లింది, ఎంబీడ్ మూడో స్థానంలో నిలిచాడు. ఓటర్లు చేసింది తప్పని చెప్పలేం. బహుమతి గడిచిన ఏడాది చేసిన సేవకు ఇచ్చేది. 31 మ్యాచ్‌ల సేవకన్నా 75 మ్యాచ్‌ల సేవ జట్టుకు ఎక్కువ. కానీ ఇద్దరిలో ఎవరిని పదేళ్లకు తీసుకుంటారని అడిగితే సమాధానం మారిపోతుంది. 2023లో అత్యంత విలువైన ఆటగాడి బహుమతి ఎంబీడ్‌కే దక్కింది. చేసిన పనిని కొలవడం ఒకటి, చేయగలిగింది ఊహించడం మరొకటి. రేటింగ్ మీద జరిగే వాదనల్లో సగం ఈ రెంటినీ కలగలపడం వల్ల వచ్చేవే.

తెలుగు పాఠకులకు ఇది క్రికెట్‌లో బాగా తెలిసిన సంగతి. బ్యాటర్‌కు స్ట్రైక్ రేట్ అనేది ఒక రకం సమర్థతా రేటింగే, దొరికిన ప్రతి బంతినీ ఎంత వాడుకున్నాడో చెబుతుంది. 2024 ఐపీఎల్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 13 మ్యాచ్‌లలో 303 పరుగులు చేసి వర్ధమాన ఆటగాడి బహుమతి గెలిచాడు, స్ట్రైక్ రేట్ దాదాపు 143. బంతుల్లో చెప్పాలంటే 212. మరుసటి ఏడాది 182 పరుగులే, స్ట్రైక్ రేట్ 119. అవి 153 బంతులు. ఒకే కుర్రాడు ఒక ఏడాది ఆకాశంలోకి ఎక్కి, మరో ఏడాది నేల మీదికి వచ్చాడని టీవీ చర్చల్లో తెగ మాట్లాడారు. రెండేళ్లూ కలిపితే 365 బంతులు. గట్టి టెస్టు బ్యాటర్ రెండు ఇన్నింగ్స్‌లలో ఆడేన్ని. ఈ రెండు సీజన్ల నడుమనే, 2024 డిసెంబరులో, మెల్‌బోర్న్ టెస్టులో ఎనిమిదో స్థానంలో దిగి 114 పరుగులు చేశాడతను. అసలు నితీశ్ ఎవరో 212 బంతులూ తేల్చలేవు, 153 బంతులూ తేల్చలేవు. మొదటి అంకె చూసి ఎత్తుకున్నవాళ్లూ, రెండో అంకె చూసి పడదోసినవాళ్లూ చేసిన తప్పు ఒకటే. శాంపిల్ చిన్నదైనప్పుడు అంకెను సగటు వైపు కాస్త లాగి చదువుకోవాలి. రెండు నాళ్లు బాగా ఆడినవాడు మూడోనాడు అంత బాగా ఆడకపోవచ్చు. చెడ్డగా ఆడినవాడి విషయంలోనూ అంతే. ఇది గణాంకశాస్త్రం చెప్పే మొదటి పాఠం, రూకీల విషయంలో అందరూ మొదట మరిచిపోయే పాఠం కూడా.

వయసు సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే రేటింగ్‌కు వయసు తెలియదు. కోబీ బ్రయంట్ 18 ఏళ్ల వయసులో ఎన్‌బీఏలోకి వచ్చాడు. తొలి ఏడాది 15 నిమిషాలు, 7.6 పాయింట్లు, పీఈఆర్ 14.4. యానిస్ అంటెటోకుంపో తొలి సీజన్ జరుగుతుండగా 19 నిండాయి, పీఈఆర్ 10.8. లీగ్ సగటుకు చాలా దిగువ. 2019లో, 2020లో అత్యంత విలువైన ఆటగాడు అతనే. పీఈఆర్ అబద్ధం చెప్పిందా? చెప్పలేదు. ఆ ఏడాది అతను నిజంగానే సగటుకన్నా తక్కువగా ఆడాడు. 23 ఏళ్లు నిండి, కాలేజీలో నాలుగేళ్లు ఆడి వచ్చినవాడి 15కూ, 18 ఏళ్లవాడి 14కూ ఒకే అర్థం ఉందనుకోవడం చదివేవాళ్ల పొరపాటు. చిన్నవాడి అంకె పక్కన వయసు రాసి చూస్తే అదే అంకె బరువు పెరుగుతుంది. పాఠశాల స్థాయిలో ఇది మరీ ముఖ్యం. అండర్-14 జట్టులో జనవరిలో పుట్టినవాడికీ డిసెంబరులో పుట్టినవాడికీ ఎత్తులో, బలంలో కంటికి కనిపించే తేడా ఉంటుంది. పెద్దవాడి రీబౌండ్లను చూసి చిన్నవాడిని ఇంటికి పంపేస్తే, మూడేళ్ల తర్వాత ఎవరిని పోగొట్టుకున్నామో కూడా మనకు తెలియదు.

మరో ఆక్షేపణ ఎప్పుడూ వినిపించేది: ఓడిపోయే జట్టులో ఎవరో ఒకరు పరుగులో, పాయింట్లో చేయాలి కదా, ఆ అంకెలకు విలువేమిటి? కార్టర్-విలియమ్స్ విషయంలో ఈ మాట నిజమైంది. ఫిలడెల్ఫియా ఆ ఏడాది వరసగా 26 మ్యాచ్‌లు ఓడింది. హైదరాబాదీ క్రికెటర్ తిలక్ వర్మ విషయంలో ఇదే మాట నిలవలేదు. 2022లో 19 ఏళ్ల తిలక్ తొలిసారి ముంబయి ఇండియన్స్ తరఫున ఆడాడు. ఆ జట్టు 14లో నాలుగే గెలిచి అట్టడుగున పదో స్థానంలో మిగిలింది. అతను 397 పరుగులు చేశాడు, సగటు 36, స్ట్రైక్ రేట్ 131. మరుసటి ఏడాది సగటు 42 దాటింది, స్ట్రైక్ రేట్ 164కు పెరిగింది. 2024 నవంబరులో దక్షిణాఫ్రికాలో వరసగా రెండు టీ20 శతకాలు కొట్టాడు. 2025 ఆసియా కప్ ఫైనల్లో పాకిస్తాన్ మీద చివరిదాకా నిలిచి 69 పరుగులతో గెలిపించాడు. ఇద్దరూ ఓడే జట్ల కొత్తవాళ్లే. తేడా ఎక్కడ? కార్టర్-విలియమ్స్ మొత్తాలు పెద్దవి, వాటి వెనుక సమర్థత పలచన. తిలక్ మొత్తమూ బాగుంది, ఒక్కో వికెట్‌కు వచ్చిన పరుగులూ బాగున్నాయి. వికెట్లు పడుతుంటే ఆదుకోవాల్సిన పనిని 19 ఏళ్లకే నిభాయించాడు. స్ట్రైక్ రేట్ ఒక్కటే చూస్తే 131 గొప్పదేమీ కాదు. అతని మీద ఉన్న బాధ్యతతో కలిపి చూస్తేనే దాని విలువ తెలుస్తుంది. కాబట్టి ఓడే జట్టు అంకెలను అవతల పారేయడం కూడా సోమరితనమే. మొత్తాన్నీ సమర్థతనూ పక్కపక్కన పెట్టుకోవాలి, ఏ పని అప్పగిస్తే ఆ అంకె వచ్చిందో అడగాలి.

అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ రక్షణ ఆట గురించినది. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు, పీఈఆర్ దగ్గరా లేదు. స్టీళ్లు, బ్లాకులు వంటివి తప్ప అది రక్షణలో పెద్దగా ఏమీ చూడదు. ఎదుటివాడిని కదలనివ్వకుండా నిలబడి, అతను చెత్త షాట్ వేసేలా చేసినవాడికి ఒక్క మార్కూ పడదు. శాన్ ఆంటోనియో జట్టు బ్రూస్ బోవెన్ ఎనిమిదిసార్లు లీగ్ ఉత్తమ రక్షక జట్లలో చోటు సంపాదించాడు, మూడు చాంపియన్‌షిప్‌లు గెలిచాడు. అతని కెరీర్ పీఈఆర్ 10 లోపే. తన రేటింగ్ ఇలాంటివాళ్లకు న్యాయం చేయదని హోలింజరే ఒప్పుకున్నాడు. హ్యూస్టన్ ఆటగాడు షేన్ బాటియే గురించి రచయిత మైకేల్ లూయిస్ 2009లో న్యూయార్క్ టైమ్స్ మ్యాగజైన్‌లో రాసిన సుదీర్ఘ వ్యాసం కూడా ఇదే విషయం మీద. అతను కోర్టులో ఉంటే జట్టు బాగుపడుతుంది, అతని పేరు మీద మాత్రం లెక్కలేమీ కనిపించవు. దీనికి విశ్లేషకులు కనిపెట్టిన మందు ప్లస్-మైనస్. ఆటగాడు కోర్టులో ఉన్నంతసేపూ జట్టు ఎన్ని పాయింట్ల తేడాతో ముందుందో, వెనకబడిందో లెక్కించడం. మంచి ఆలోచనే, కానీ రూకీలకు అది పూర్తిగా పనికిరాదు. పక్కనున్న నలుగురి మంచీ చెడూ ఆ అంకెలో కలిసిపోతాయి. వాటిని విడదీయాలంటే ఏళ్ల తరబడి లెక్కలుండాలి, కొత్తవాడి దగ్గర ఒక్క ఏడాదిదే ఉంది. పీఈఆర్‌లో ఇంకో లోపం ఆర్థికవేత్త డేవిడ్ బెర్రీ చూపించినది. రెండు పాయింట్ల షాట్లు సుమారు 30 శాతం పడినా చాలు, ఇంకా ఎక్కువ వేసేకొద్దీ పీఈఆర్ పెరుగుతుంది. లీగ్ సగటుకు ఎంతో దిగువన ఉన్న గురిని కూడా అది దండిస్తున్నట్టే ఉండి లోపల్లోపల ప్రోత్సహిస్తుంది. అందుకే షాట్ల గురిని విడిగా చూసుకోవడం మంచిది. అలా చూడబట్టే ఫిలడెల్ఫియా కుర్రాడి సంగతి బయటపడింది.

ఇన్ని లోపాలున్నప్పుడు అంకెలెందుకు, కోచ్ కన్ను చాలదా అనే పెద్దలున్నారు. అనుభవం ఉన్న కోచ్ కంటిని నేను తక్కువ చేయను. బోవెన్ వంటివాణ్ని పట్టుకోగలిగేది ఆ కన్నే. కానీ కంటికి దానిదైన మొగ్గు ఉంది. పడిన బంతి మనసులో నిలుస్తుంది, తప్పిన బంతి చెరిగిపోతుంది. ఎత్తు చూస్తే ఆశ పుడుతుంది. 2015లో పంజాబ్‌లోని బల్లోకే గ్రామానికి చెందిన సత్నామ్ సింగ్‌ను డాలస్ 52వ పేరుగా ఎంచుకున్నప్పుడు దేశమంతా సంబరపడింది. భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడతను. ఏడడుగుల రెండంగుళాల ఎత్తు. అనుబంధ లీగ్‌లో ఆడాడు కానీ ఎన్‌బీఏ మ్యాచ్ ఒక్కటీ ఆడే అవకాశం రాలేదు. ఆ ఎంపిక ఒక తలుపు తెరిచింది, ఆ గౌరవం అతనికి ఎప్పటికీ ఉంటుంది. అయితే ఎత్తు ఒక వాగ్దానం మాత్రమే, ఆ వాగ్దానం ఎంత నెరవేరుతోందో నిమిషం నిమిషానికీ చెప్పే లెక్క మన పిల్లలకు చిన్ననాటి నుంచే ఉంటే, ఏం నేర్పాలో కోచ్‌కూ తెలుస్తుంది, ఏం నేర్చుకోవాలో పిల్లవాడికీ తెలుస్తుంది. కన్నూ అంకే ఒకదాన్నొకటి ప్రశ్నించుకోవాలి. రెండూ ఒకే మాట చెబితే నిశ్చింతగా నమ్మవచ్చు. వేర్వేరు మాటలు చెబితే ఆ కుర్రాడిని ఇంకోసారి, ఇంకా జాగ్రత్తగా చూడాలి.

దీనికి కంప్యూటర్ అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. పాఠశాలలో పీఈఆర్ లెక్కించమని ఎవరూ అడగడం లేదు, అది లీగ్ అంతటి వివరాలుంటే తప్ప సాగని పని. మొదట చెప్పిన తేలిక లెక్క చాలు. వేలూరు, గుడియాత్తం, ఒడుగత్తూరు ప్రాంతాల పాఠశాలల్లోనూ, రాష్ట్ర సరిహద్దుకు ఇవతల చిత్తూరు, పలమనేరు వైపు పాఠశాలల్లోనూ పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పే పీటీ సార్లకు ఒక మనవి. అధికారిక స్కోర్‌షీట్ పక్కన ఇంకో కాగితం పెట్టండి. గాయమై ఆడలేకపోతున్న పిల్లనో, ఇంకా జట్టులో చోటు దొరకని పిల్లవాడినో దాని ముందు కూర్చోబెట్టండి. ప్రతి ఆటగాడికీ ఒక వరస, అందులో దిగిన నిమిషం, బయటికి వచ్చిన నిమిషం, వేసిన షాట్లు, పడిన షాట్లు, ఫ్రీ త్రోలు, రీబౌండ్లు, అసిస్టులు, స్టీళ్లు, బ్లాకులు, పోగొట్టిన బంతులు. పేరు పక్కన పుట్టిన నెల కూడా రాయించండి. ఒక్క మ్యాచ్ లెక్కతో ఎవరినీ ఎంచకండి, తీసేయకండి. ఒక సీజన్ కాగితాలన్నీ దాచి, మరుసటి ఏడాది జట్టును ఎంచుకునే ముందు ఒకసారి కూడి చూడండి. జిల్లా ఎంపికలకు పంపే పేర్ల జాబితాతో పాటు ఆ కాగితాలు కూడా పంపండి.